పాస్టరు విశ్రాంతి సెలవు: సబ్బాటికల్

ఏళ్ల తరబడి ఒక సంఘంలో సేవ చేసిన పాస్టరుకు ఆ సంఘమే కొన్ని నెలల సెలవిచ్చి పంపే ఏర్పాటును సబ్బాటికల్ అంటారు. ఆ కాలంలో ప్రసంగం, పరామర్శ, కమిటీ పనులు ఏవీ ఆయనకు ఉండవు. జీతం మాత్రం ఆగదు. మామూలుగా ఇది మూడు నెలలు ఉంటుంది. కొన్ని సంఘాలు ఆరు నెలలు ఇస్తాయి, ఏడాది ఇచ్చేవి అరుదు. ఇది ఏటా వచ్చే సెలవు కాదు, జబ్బు చేసినప్పుడు పెట్టే సెలవూ కాదు. డిగ్రీ కోసం తీసుకునే చదువు సెలవుకూ, తప్పు చేసినవారిని కొంతకాలం పక్కన పెట్టే క్రమశిక్షణ చర్యకూ దీనితో సంబంధం లేదు. శరీరం తేరుకోవడానికి, ప్రార్థనలోనూ చదువులోనూ మళ్లీ నిలదొక్కుకోవడానికి, భార్యాబిడ్డలతో గడపడానికి ఇచ్చే సమయం ఇది. అది ముగిశాక పాస్టరు అదే సంఘానికి, అదే పనికి తిరిగి రావాలి.

విశ్రాంతి తీసుకోండి అని పాస్టరుకు చెప్పడం ఎవరికైనా తేలికే. ఆ మూడు నెలలు ప్రసంగపీఠం ఎవరు ఎక్కుతారు, ఎవరైనా చనిపోతే సమాధి కార్యక్రమం ఎవరు జరిపిస్తారు, పాస్టరు ఇల్లు ఎలా గడుస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన చోటే సబ్బాటికల్ నిలిచింది. చెప్పలేని చోట మంచి ఆలోచనగానే మిగిలిపోయింది.

లేఖనాల్లో మూలాలు

వారంలో ఏడో రోజు ఎలాగో ఏళ్లలో ఏడో ఏడు అలాగ. ఆ ఏడు భూమికి విశ్రాంతి ఇవ్వాలని లేవీయకాండం 25వ అధ్యాయం ఇశ్రాయేలీయులను ఆదేశిస్తుంది. విత్తనం చల్లకూడదు, ద్రాక్షతోటను కత్తిరించకూడదు. తనంతట తాను పండినదాన్ని బీదలు తినాలి, వాళ్లు మిగిల్చింది అడవి జంతువులు తినాలి అని నిర్గమకాండం 23వ అధ్యాయం చెబుతుంది. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ఏడో ఏట అప్పులు కూడా వదిలేయమంటుంది. ఇలాంటి ఏడేళ్లు ఏడుసార్లు గడిచాక వచ్చే యాభయ్యో ఏడు సునాద సంవత్సరం. ఈ ఆచారం పుస్తకాల్లోనే ఉండిపోలేదు. ఇశ్రాయేలు దేశంలో మతనిష్ఠ గల యూదు రైతులు ఇప్పటికీ దీన్ని లెక్కిస్తున్నారు. అక్కడ 2021-22 విశ్రాంతి సంవత్సరం, తర్వాతది 2028-29లో వస్తుంది.

లేవీయకాండంలోని ఆ అధ్యాయంలో ప్రసంగాలు తరచుగా దాటిపోయే చోటు ఒకటుంది. ఏడో ఏట విత్తకపోతే ఏం తింటాం అని జనం అడుగుతారని ధర్మశాస్త్రం ముందే ఊహించింది. ఆ అడగడాన్ని అవిశ్వాసంగా కొట్టిపారేయలేదు. ఆరో ఏటి పంట మూడేళ్లకు సరిపోయేలా దీవిస్తానని దేవుడు జవాబిస్తాడు. అంటే విశ్రాంతి తీసుకోమన్న ఆజ్ఞ, ఆ విశ్రాంతికి కావలసిన తిండి ఒకే చోట కలిసి ఉన్నాయి. పాస్టరు సెలవుపై సంఘాల్లో జరిగే చర్చంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఈ నియమాలు భూమి గురించినవే గాని సేవకుల గురించినవి కావు. సేవకుల విషయంలో దగ్గరగా కనిపించేది సంఖ్యాకాండం 8వ అధ్యాయం. యాభై ఏళ్లు నిండిన లేవీయుడు బరువు పని మాని, తోటివారికి సాయంగా ఉండాలని అది చెబుతుంది.

అలసిపోయిన సేవకుడి చిత్రం కావాలంటే మొదటి రాజులు 19వ అధ్యాయం చదవాలి. కర్మెలు కొండ మీద ఏలీయా గెలిచి ఒక్కరోజైనా గడిచిందో లేదో, యెజెబెలు బెదిరింపు కబురు వచ్చింది. ఆయన బెయేర్షెబా దాకా పరుగెత్తి, సేవకుణ్ణి అక్కడే వదిలి, ఒక రోజు ప్రయాణం అరణ్యంలోకి ఒంటరిగా నడిచాడు. బదరీవృక్షం కింద కూలబడి తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగి నిద్రపోయాడు. దేవదూత వచ్చి తట్టి లేపాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం చాలా దూరం, ఇంకా తినమన్నాడు. ఆ తిండి బలంతో నలభై రోజులు నడిచి హోరేబు చేరాకే, ఇక్కడ నీకేం పని అన్న ప్రశ్న వినిపించింది. ఉపదేశం కంటే ముందు నిద్ర, తిండి అందాయి. ప్రశ్నకు ముందు నలభై రోజుల నడక ఉంది. ఆ తర్వాత ఆయనకు మూడు పనులు అప్పగించారు, తన చోట నిలబడే ఎలీషాను చూపించారు. తానొక్కడినే మిగిలానని వాపోయినవాడికి ఇంకా ఏడు వేలమంది ఉన్నారని తెలిసింది. నేటి సబ్బాటికల్ పథకాల్లో ఉండేవన్నీ దాదాపు ఇదే వరుసలో ఈ ఒక్క అధ్యాయంలో ఉన్నాయి.

మార్కు సువార్త 6వ అధ్యాయం ఇంకొక నిజం చెబుతుంది. ప్రచారం ముగించుకుని వచ్చిన అపొస్తలులకు భోజనం చేయడానికి కూడా తీరిక లేకపోయింది. యేసు వాళ్లను పడవెక్కించి ఏకాంత స్థలానికి తీసుకెళ్లాడు. జనం ఒడ్డు వెంట కాలినడకన పరుగెత్తి వాళ్లకంటే ముందే అక్కడికి చేరుకున్నారు. సెలవులో కూడా ఫోను మోగుతూనే ఉండే పాస్టరుకు ఈ ఘట్టం వివరించి చెప్పనక్కర్లేదు.

తొలి సంఘం నుంచి మఠాల దాకా

సేవా భారానికి బెదిరి కొంతకాలం తప్పుకున్నవారు తొలి శతాబ్దాల్లోనే ఉన్నారు. తండ్రి బలవంతం మీద గురువుగా అభిషేకం పొందిన నాజియాంజసు వాసి గ్రెగొరీ, 361-62 చలికాలంలో పొంతు ప్రాంతంలో ఉన్న తన స్నేహితుడు బాసిల్ దగ్గరికి వెళ్లిపోయాడు. 362 ఈస్టరుకు తిరిగొచ్చి, ఎందుకు వెళ్లాడో, ఎందుకు వచ్చాడో సుదీర్ఘంగా రాశాడు. సేవకుడి బాధ్యత ఎంత బరువైనదో చెప్పిన ఆ రచనను తర్వాతి తరాలు పాఠంలా చదివాయి. పన్నెండో శతాబ్దంలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు, తన పాత శిష్యుడైన మూడో యుజీన్ పోపుకు ఒక గ్రంథమే రాసి పంపాడు. రోజంతా ఇతరుల తగాదాలు తీర్చడంలోనే మునిగి తన ఆత్మను మరచిపోవద్దని అందులో హెచ్చరించాడు.

ఇగ్నేషియస్ లొయోలా 1522-23లో మన్రేసాలో గడిపిన ఏకాంత కాలం నుంచి ముప్పై రోజుల ధ్యాన సాధన పుట్టింది. ఆయన స్థాపించిన సభకు చెందిన జెసూయిట్లు గురుపట్టం తర్వాత, చివరి మాటపట్టుకు ముందు మరొక శిక్షణకాలం గడుపుతారు. చదువులన్నీ అయిపోయాక మళ్లీ కొత్తవాడిలా మొదలుపెట్టడం దాని ఉద్దేశం. 1983 కతోలిక ధర్మస్మృతిలోని 533వ నిబంధన ప్రకారం విచారణ గురువు ఏడాదికి గరిష్ఠంగా ఒక నెల సెలవు తీసుకోవచ్చు, వార్షిక రిట్రీట్ రోజులను అందులో లెక్కించరు. చిన్న నియమమే అయినా, ధ్యానాన్ని సెలవు ఖాతాలో వేయకూడదన్న ఆ తేడా ముఖ్యమైనది.

మిషనరీల ఫర్లో, తెలుగు నేల

తెలుగు క్రైస్తవులకు సబ్బాటికల్ అన్న మాట కొత్తదైనా దాని ముందు రూపం బాగా పరిచయమే. ఏడెనిమిదేళ్లకొకసారి మిషనరీ దొరగారు స్వదేశానికి వెళ్లి ఏడాది గడిపి వచ్చేవారు. దాన్ని ఫర్లో అనేవారు. ఓడ ప్రయాణాలు, మలేరియా, కలరా, చిన్నబిడ్డల మరణాలు ఉన్న ఆ కాలంలో ఇది మొదట ప్రాణాలు నిలుపుకోవడానికి చేసిన ఏర్పాటు.

1842లో గుంటూరులో లూథరన్ మిషను ప్రారంభించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ కథ ఇందులో ప్రత్యేకం. 1845లో అమెరికా తిరిగి వెళ్లిన ఆయన బాల్టిమోరులో సంఘం స్థాపించాడు, వైద్యం చదివి 1847లో పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. అదే ఏడు మళ్లీ ఇండియాకు బయల్దేరి మరో పదేళ్లు, ఎక్కువగా గుంటూరు ప్రాంతంలోనే, వైద్యుడిగానూ బోధకుడిగానూ పనిచేశాడు. నెల్లూరులో ఉన్న బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ 1860ల మొదట్లో ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లాడు. తెలుగు మిషనును మూసేద్దామా అని అక్కడి బోర్డు ఆలోచిస్తున్న సమయమది. ఆయన పట్టుబట్టి వాదించి, తిరుగు ప్రయాణంలో జాన్ ఎవరెట్ క్లౌను వెంటబెట్టుకుని 1865లో వచ్చాడు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగింది ఆ క్లౌ నాయకత్వంలోనే. ఒక సేవకుడు జబ్బుతో వెళ్లిన సెలవు ఒంగోలు చరిత్రను అలా మార్చింది.

ఫర్లో అంటే నిజంగా విశ్రాంతేనా అంటే, చాలామందికి కాదు. ఊరూరా తిరిగి చర్చిల్లో మాట్లాడాలి, విరాళాలు పోగుచేయాలి. 1872లో అమెరికా వెళ్లిన క్లౌ అక్కడ రామాపట్నం వేదాంత పాఠశాల కోసం నిధులు సేకరించాడు. ఇ. స్టాన్లీ జోన్స్ అనుభవం మరీ తీవ్రం. 1907లో ఇండియా వచ్చిన ఈ మెథడిస్టు మిషనరీ ఎనిమిదేళ్లకే మానసికంగా కుంగిపోయి ఫర్లో మీద అమెరికా వెళ్లాడు, తిరిగొచ్చాక మళ్లీ కుప్పకూలాడు. లక్నోలోని చర్చిలో ప్రార్థిస్తుండగా తన భారాన్ని దేవుడికి వదిలేశానని, ఆనాటి నుంచి కోలుకున్నానని ఆయన రాశాడు. సెలవు ఇచ్చినా దింపుకోవలసింది దింపుకోకపోతే అలసట వెంటే వస్తుందని చెప్పే సాక్ష్యం అది. తర్వాత 1930లో ఆయనే కుమావూ కొండల్లో సాత్ తాల్ ఆశ్రమం నెలకొల్పాడు. మరోవైపు దోనావూరులో అనాథ పిల్లలను పెంచిన ఏమీ కార్మైకేల్ 1951లో మరణించే దాకా 55 ఏళ్లు ఒక్క ఫర్లో కూడా తీసుకోలేదు.

ఎండాకాలానికి కొండ ప్రాంతాలు ఉండేవి. మదురై అమెరికన్ మిషనరీలు 1845లో కొడైకెనాల్‌లో బంగళాలు కట్టుకున్నారు. తర్వాత దక్షిణాది మిషన్లన్నిటికీ, తెలుగు జిల్లాల మిషన్లతో సహా, అది వేసవి విడిది అయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఫర్లో, కొండ విడిది మిషనరీలకే ఉండేవి. వాళ్లతోపాటు పల్లెపల్లెకూ నడిచిన తెలుగు ఉపదేశకులకు, బైబిల్ స్త్రీలకు, పాస్టర్లకు అవి లేవు. బాప్తిస్మాల కోసం జనాన్ని సిద్ధం చేసింది, తర్వాత వాళ్ల తగాదాలు తీర్చింది, పిల్లలకు ప్రశ్నోత్తరాలు నేర్పింది వీళ్లే. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడి, క్రమంగా బాధ్యతలన్నీ మనవాళ్ల చేతికి వచ్చినప్పుడు బంగళాలు, బళ్లు, ఆస్పత్రులు వచ్చాయి. విశ్రాంతి ఏర్పాటు మాత్రం మిషనరీలతోపాటే ఓడెక్కి వెళ్లిపోయింది. తెలుగు సంఘాల్లో సబ్బాటికల్ విదేశీ మాటలా వినిపించడానికి ఇదొక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పంతొమ్మిదో శతాబ్దపు ఇద్దరు పాస్టర్లు

లండన్‌లో వేలమంది కూర్చునే మెట్రోపాలిటన్ టాబర్నకిల్‌లో బోధించిన చార్లెస్ స్పర్జన్ కీళ్లవాతంతో, మూత్రపిండాల జబ్బుతో, దీర్ఘమైన కుంగుబాటుతో బాధపడ్డాడు. చలికాలంలో దక్షిణ ఫ్రాన్సులోని మెంటన్ వెళ్లి కొన్ని వారాలు గడిపేవాడు. 1892 జనవరి 31న 57వ ఏట ఆయన చనిపోయింది కూడా అక్కడే. సేవకులకు వచ్చే నిరుత్సాహం గురించి తన విద్యార్థులకు ఆయన చేసిన ప్రసంగం ఈనాటికీ చదవదగినది. విశ్రాంతి సమయం వృథా కాదని, ముందుచూపున్న పొదుపని ఆయన వాదన.

రెండోవాడు స్కాట్లండులోని డండీ పట్టణపు పాస్టరు రాబర్ట్ మర్రే మక్‌షేన్. గుండెదడతో మంచంపట్టిన ఆయన్ను 1839 ఏప్రిల్‌లో స్కాట్లండు సంఘం పాలస్తీనాకు వెళ్లే బృందంతో పంపింది. ప్రయాణం వల్ల ఆరోగ్యం కుదుటపడుతుందన్నది కూడా ఒక ఆలోచన. ఆయన స్థానంలో ప్రసంగాలకు విలియం చామర్స్ బర్న్స్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుణ్ణి పెట్టారు. అదే ఏడు ఆగస్టులో, మక్‌షేన్ దూరదేశంలో ఉండగానే, డండీ సంఘంలో గొప్ప ఉజ్జీవం మొదలైంది. ఏళ్ల తరబడి తాను ప్రార్థించినది తాను లేనప్పుడు, ఇంకొకరి చేతుల మీదుగా జరిగింది. నవంబరులో తిరిగొచ్చిన మక్‌షేన్ దానికి నొచ్చుకోకుండా సంతోషించాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. నేను లేకపోతే సంఘం ఏమైపోతుందో అని సెలవు అడగడానికి జంకే పాస్టరుకు ఇంతకంటే మంచి జవాబు చరిత్రలో దొరకదు.

వ్యవస్థగా మారిన తీరు

సబ్బాటికల్‌కు ఇప్పుడున్న రూపం విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. 1880లో హార్వర్డు, అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ కాలంలో, అధ్యాపకులకు ఏడేళ్లకొక ఏడాది సగం జీతంతో సెలవిచ్చే పద్ధతి మొదలుపెట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రొటెస్టెంటు సంఘాలు దీన్ని తమకు తగినట్టు మార్చుకున్నాయి. బ్రిటన్ మెథడిస్టు సంఘంలో పాస్టరుకు సేవలో పదేళ్లు నిండాక మొదటిసారి, ఆ తర్వాత ఏడేళ్లకొకసారి మూడు నెలల సబ్బాటికల్ ఉంటుంది. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘంలో ఆరేళ్లు వరసగా పూర్తికాల సేవ చేసినవారు ఏడాది దాకా అడగవచ్చు. ఇంగ్లండు సంఘం దీనికి వేరే పేరు పెట్టి, దాదాపు పదేళ్లకొకసారి మూడు నెలల వరకు ఇస్తుంది.

డబ్బు ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబిచ్చింది ఇండియానాపొలిస్‌లోని లిల్లీ ఎండోమెంట్. 2000 నుంచి అమెరికా అంతటా పాస్టర్ల పునరుత్తేజానికి ఈ సంస్థ నిధులిస్తోంది. చాలా ఏళ్లు ఒక్కో సంఘానికి గరిష్ఠంగా 50,000 డాలర్లు ఇచ్చేది, అందులో 15,000 దాకా పాస్టరు లేని కాలంలో సంఘానికయ్యే ఖర్చుకు వాడుకోవచ్చు. దరఖాస్తు పెట్టేది పాస్టరు కాదు, సంఘం. తమ సేవకుడికి ఏది మళ్లీ ఉల్లాసం ఇస్తుందో సంఘం, పాస్టరు కలిసి ఆలోచించి రాయాలి. పథకంలో నాకు బాగా నచ్చిన అంశం ఇదే. సెలవు అడుక్కునే స్థితిలో పాస్టరు నిలబడడు.

ఈ ఆసక్తి వెనక వైద్య పరిశోధన కూడా ఉంది. అతిగా పనిచేసి లోపల ఖాళీ అయిపోయే స్థితిని బర్నౌట్ పేరుతో 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వర్ణించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాక, పని వల్ల కలిగే స్థితిగా చేర్చింది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం నార్త్ కరోలినా మెథడిస్టు పాస్టర్లను ఏళ్లపాటు పరిశీలించి, వాళ్లలో ఊబకాయం, కుంగుబాటు సాధారణ జనం కంటే ఎక్కువని తేల్చింది. కోవిడ్ తర్వాత, 2022 మార్చిలో బార్నా సంస్థ జరిపిన సర్వేలో 42 శాతం అమెరికన్ పాస్టర్లు గత ఏడాదిలో పూర్తికాల సేవ వదిలేద్దామా అని ఆలోచించామన్నారు. అంతకు ఏడాది ముందు అది 29 శాతం.

మూడు సెలవులు

యూజీన్ పీటర్సన్ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం బెల్ ఎయిర్‌లో 1962లో ఒక ప్రెస్బిటేరియన్ సంఘం ప్రారంభించి 29 ఏళ్లు అక్కడే ఉన్నాడు. మధ్యలో ఒక ఏడాది సెలవు తీసుకుని భార్య జాన్‌తో కలిసి మోంటానాలో సరస్సు ఒడ్డున ఉన్న కుటుంబపు ఇంటికి వెళ్లాడు. రాయడానికి, ప్రార్థించడానికి ఆ ఏడు వాడుకున్నాడు. సంఘానికి ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. తిరిగి వచ్చేసరికి సంఘం తన కాళ్ల మీద నిలబడే ఉందని గమనించి, అది తనకూ సంఘానికీ మేలే చేసిందని రాశాడు.

కతోలిక గురువు హెన్రీ నౌవెన్ కెనడాలోని టొరంటో దగ్గర, మానసిక వైకల్యం గలవారు కలిసి జీవించే లార్ష్ డేబ్రేక్ సమాజంలో కాపరి. ఆ సమాజం 1995 సెప్టెంబరు నుంచి ఒక ఏడాది ఆయనకు సెలవిచ్చింది. ఆ ఏడంతా రాసుకున్న దినచర్య తర్వాత పుస్తకంగా వచ్చింది. అది చదివితే విశ్రాంతి ఎంత కష్టమో తెలుస్తుంది. స్నేహితులు, ప్రయాణాలు, రచనలు ఆయన్ను వదల్లేదు. ఆ సమాజంలో తాను సేవ చేసిన ఆడమ్ 1996 ఫిబ్రవరిలో చనిపోతే తిరిగొచ్చి ఆ అంత్యక్రియల్లో ఉన్నాడు, తర్వాత అతని గురించి పుస్తకం రాశాడు. సెలవు ముగిసిన కొన్ని వారాలకే, 1996 సెప్టెంబరు 21న, నెదర్లాండ్స్‌లో గుండెపోటుతో నౌవెన్ మరణించాడు.

మినియాపొలిస్ బాప్టిస్టు పాస్టరు జాన్ పైపర్ 2010 మే నుంచి డిసెంబరు దాకా ఎనిమిది నెలలు తప్పుకున్నాడు. పుస్తకాలు రాయనని, కొద్ది మినహాయింపులు తప్ప బయట ప్రసంగాలు చేయనని ముందే ప్రకటించాడు. తన గర్వాన్ని పరీక్షించుకోవాలని, భార్యతో, కుటుంబంతో బంధం చక్కబరచుకోవాలని కారణం బహిరంగంగా చెప్పాడు. బాగా పేరున్న పాస్టరు శరీరపు అలసటను కాక తన స్వభావంలోని లోపాన్ని సెలవుకు కారణంగా చెప్పడం అప్పట్లో చాలామందిని ఆలోచింపజేసింది.

ఏర్పాటు ఎలా జరుగుతుంది

అనుభవం ఉన్న సంఘాలు ఏడాది ముందే పని మొదలుపెడతాయి. పెద్దల కమిటీ తీర్మానం చేస్తుంది, తేదీలు, జీతం, ఖర్చులు కాగితం మీద రాస్తారు. ఆదివారం ప్రసంగాలు ఎవరెవరివో ముందే ఖరారు చేస్తారు. రోగుల పరామర్శ, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు ఒక్కొక్కటి ఒక్కొక్కరికి పేరు పెట్టి అప్పగిస్తారు. ఎవరో ఒకరు చూసుకుంటారు అని వదిలేసిన పని చివరికి పాస్టరు ఫోనుకే చేరుతుంది. అందుకే ఎలాంటి అత్యవసరం వస్తే పాస్టరును పిలవాలో, ఎవరు పిలవాలో కూడా ముందే ఒప్పుకుంటారు. పిలిచే అధికారం ఒక్క పెద్దకే ఉండటం మంచిది.

సెలవు మూడు దశలుగా సాగుతుంది. మొదటి రెండు మూడు వారాలు నిద్రకే పోతాయి. చేయడానికి పని లేదన్న అపరాధభావం బాధించేది కూడా అప్పుడే. మధ్య కాలమే అసలు సెలవు. రిట్రీట్, చదువు, తన సంఘం కాని చోట వెనక బల్ల మీద కూర్చుని ఆరాధించడం, పిల్లలతో ప్రయాణం. చివరి వారాలు తిరుగు రాకకు. వచ్చిన వెంటనే బోధించకుండా, మొదటి ఆదివారం సంఘం చెప్పేది వినడం చాలాచోట్ల ఆనవాయితీ. తిరిగొచ్చాక కనీసం ఏడాది అదే సంఘంలో ఉండాలన్న షరతు చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. సెలవు వాడుకుని వేరే చోటికి వెళ్లిపోతారన్న భయానికి అది సమాధానం.

పాస్టరు భార్యను ఈ లెక్కలో మరిచిపోవడం మామూలు. స్త్రీల కూడిక, సండే స్కూలు, ఇంటికొచ్చేవాళ్లకు టీ భోజనాలు చూసేది అమ్మగారే. ఆయనకు మాత్రమే సెలవిచ్చి ఆమె పనులు అలాగే ఉంచితే ఆ ఇంటికి విశ్రాంతి వచ్చినట్టు కాదు.

తెలుగు సంఘాల్లో

తెలుగు పాస్టరు వారం ఎలా ఉంటుందో చూస్తే అవసరం వేరే వివరించనక్కర్లేదు. ఆదివారం రెండు మూడు ఆరాధనలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో గృహ కూడికలు, నెలకొకటి ఆల్‌నైట్ ప్రేయర్. శ్రమదినాల్లో నలభై రోజులూ సాయంత్రం కూడికలు, మంచి శుక్రవారం ఏడు మాటల ధ్యానం, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, క్రిస్మస్ ఆరాధన, 31 రాత్రి వాచ్‌నైట్, జనవరి 1 పొద్దున్నే కొత్త సంవత్సరపు వాగ్దానం. వీటికి తోడు పిలుపు వస్తే తప్పనివి ఉంటాయి. కొత్త ఇంటికి ప్రార్థన, పెళ్లిచూపులకు సలహా, ఆస్పత్రికి పరుగు, జ్ఞాపకార్థ కూడిక. అర్ధరాత్రి ఫోనొస్తే అయ్యగారు బండి తీయాల్సిందే.

సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో పాస్టర్లకు జీతం, బదిలీలు, ఏటా కొంత సెలవు ఉంటాయి. నెలల తరబడి సబ్బాటికల్ అక్కడా అలవాటు కాలేదు. బదిలీనే విశ్రాంతిగా చూసే ధోరణి ఉంది గాని, కొత్త ఊళ్లో మొదటి ఏడాది పాత ఊరి కంటే ఎక్కువ పనే ఉంటుంది. స్వతంత్ర సంఘాల్లో సమస్య ఇంకా గట్టిది. కానుకలు, దశమభాగాలే ఆదాయం. పాస్టరు రాకపోతే జనం తగ్గుతారు, జనం తగ్గితే కానుకలు తగ్గుతాయి. సెలవు పెట్టడమంటే ఇంటి ఖర్చు కోల్పోవడమే. కొందరు అమెరికా, గల్ఫ్ దేశాల్లోని తెలుగు సంఘాల ఆహ్వానం మీద వెళ్లొస్తారు. ఊరు మారుతుంది గాని, అక్కడా రోజూ ఎవరో ఒకరి ఇంట్లో కూడిక, ప్రసంగం ఉంటాయి.

సంఘాల్లో తరచుగా వినిపించే ఆక్షేపణ ఒకటుంది. రైతుకు, కూలీకి, ఆటో నడిపేవాడికి లేని మూడు నెలల సెలవు పాస్టరుకెందుకు? దేవుడి పనికి సెలవేంటి? అడిగేవాళ్ల కష్టం నిజమైనదే, ఈ ప్రశ్నను చిన్నచూపు చూడకూడదు. కాని నిర్గమకాండం 23వ అధ్యాయం ఏడో రోజు విశ్రాంతిని ఎద్దుకు, గాడిదకు, దాసి కొడుక్కి, పరదేశికి కూడా కలిపి ఇచ్చింది. కూలీకి సెలవు లేకపోవడం అన్యాయమైతే పాస్టరుకు కూడా లేకుండా చేస్తే అది తీరదు. సెలవు విలువ తెలిసిన పాస్టరు, తన సంఘంలో ఆదివారం కూడా పనికి వెళ్లక తప్పని ఇంటి పనిమనిషి గురించి ఆమె యజమానితో మాట్లాడగలడు.

చిన్న సంఘం ఇది భరించగలదా అన్నది లెక్క వేసి చూడదగిన విషయం. ఉదాహరణకు వంద కుటుంబాల సంఘం అనుకుందాం. పాస్టరు జీతం ఎలాగూ బడ్జెట్‌లో ఉంది. మూడు నెలలకు బదులు వచ్చే సేవకుడికి నెలకు 10,000 చొప్పున 30,000 రూపాయలు, పాస్టరు కుటుంబం ప్రయాణానికి, రిట్రీట్‌కు మరో 30,000, మొత్తం 60,000. ఏడేళ్లలో 84 నెలలు. నెలకు సుమారు 714 రూపాయలు పక్కన పెడితే సరిపోతుంది. కుటుంబానికి నెలకు ఏడు రూపాయల పైచిలుకు. ఇరవై కుటుంబాల పల్లె సంఘానికి ఇది కూడా బరువే. అలాంటిచోట మండలంలోని నాలుగైదు సంఘాలు కలిసి ఒక నిధి పెట్టుకోవచ్చు, ఒకరి సెలవులో మిగతావాళ్లు వంతులవారీగా ప్రసంగాలు పంచుకోవచ్చు. మూడు నెలలు కుదరకపోతే ఒక నెలతో, పంట కోతలు అయిపోయి పండగలు లేని కాలంలో, మొదలుపెట్టవచ్చు. ఈ మాట కమిటీలో మొదట ఎత్తవలసింది పెద్దల్లో ఒకరు. పాస్టరు తనంతట తాను అడిగితే అది సెలవు చీటీ అవుతుంది, సంఘం అడిగితే ఆరో ఏటి పంట అవుతుంది.